పరీక్ష లేదని పక్కన పెట్టేశారా?

డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,
రాష్ట్రంలోని ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాలల ప్రిన్సిపాళ్ళకు,



ఇబ్రహీంపట్నం నుంచి రాస్తున్నాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు అంతకుముందు నా క్లాసులో కూర్చున్నవాళ్ళే. ఆ చనువుతోనే అడుగుతున్నాను, కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి.

మా వీధిలో ఒకమ్మాయికి కౌన్సెలింగ్ ఆఖరి రౌండులో ఎంబీబీఎస్ సీటొచ్చింది. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. చేర్చడానికి వెళ్ళిన రోజు వాళ్ళ నాన్న ఆఫీసులో అడిగాడట, "అయిపోయిన క్లాసులు మా అమ్మాయికి మళ్ళీ చెబుతారా సార్?" అని. "పోయింది ఫౌండేషన్ కోర్సేగా, దానికి పరీక్ష ఉండదులెండి. అనాటమీ నోట్సు మాత్రం ఎవరి దగ్గరైనా రాసుకోమనండి" అన్నారట. ఆయన లారీ డ్రైవరు. పరీక్ష లేకపోతే మంచిదేగా అనుకుని ఇంటికొచ్చాడు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. అలా అన్న గుమాస్తాను తప్పు పట్టను. పైనున్నవాళ్ళ మనసులో ఏముందో కింద కౌంటర్లో అదే మాటగా బయటికొస్తుంది.

పరీక్ష లేదు కాబట్టి పోయినా పర్లేదా? ఈ లెక్క మీకు ఎవరు నేర్పారు?

ఫౌండేషన్ కోర్సు ఏమిటో మీకు తెలియక కాదు. తెలిసీ తెలియనట్టు ఉంటున్నారు కాబట్టి కాగితం మీదున్నదే మళ్ళీ మీ ముందు పెడుతున్నాను. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు, అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మొదలుపెట్టే ముందు నెల రోజుల పాటు ఈ కోర్సు నడపాలన్నారు. మొత్తం 175 గంటలు. కాలేజీని, వృత్తిని పరిచయం చేయడానికి 30. ప్రథమ చికిత్స, ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి నిలబెట్టే పద్ధతి లాంటి నైపుణ్యాలకు 35. డాక్టరు నడవడిక, నీతినియమాలకు 40. స్థానిక భాషకు, ఇంగ్లీషుకు, కంప్యూటరుకు కలిపి 40. ఆటపాటలకు 22. ఊళ్ళోని ఆరోగ్య కేంద్రం చూసి రావడానికి 8. తల్లిదండ్రులతో ఒక సమావేశం పెట్టి తీరాలన్నారు. 75 శాతం హాజరు తప్పనిసరి అన్నారు.

మరి కోర్సంతా అయిపోయాక చేరిన పిల్లకు ఆ 75 శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది? రిజిస్టర్లో సంతకాలు ఎవరివి? మీరు కాలేజీల్ని తనిఖీ చేయడానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెరిచి చూసిన రోజుందా?

నెల రోజుల కోర్సు నెల రోజులుగా కూడా మిగల్లేదు. మొదట రెండు వారాలు నడిపి, మిగిలింది తర్వాతి ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట సర్దుకోమన్నారు. ఆరు నెలల్లో సర్దుకోవడమంటే ఏమిటో కాలేజీలో పనిచేసిన ఎవరికైనా తెలుసు: సర్దరు. ఫౌండేషన్‌తో కలిపి 14 నెలలున్న మొదటి ఏడాది 12 నెలలకు దిగింది. రెండు నెలలు కోసేశాక, ఇంటర్నల్స్ నెత్తిన కూర్చున్నప్పుడు, పిల్లలకు వాలీబాల్ ఆడించే ప్రిన్సిపాల్ ఎవరు? ఈ కోత మీది కాదు, జాతీయ వైద్య కమిషన్‌ది అంటారు. నిజమే. 2024 ఆగస్టు చివర్లో పాఠ్యప్రణాళిక మార్గదర్శకాలు ఇచ్చి, సెప్టెంబరు మొదటి వారంలో వెనక్కి తీసుకుని, రెండో వారంలో సవరించి మళ్ళీ విడుదల చేసిన ఘనత వాళ్ళదే. అయినా, "మా రాష్ట్రంలో ఆ కోర్సు పూర్తిగా నడుపుతాం" అంటే ఢిల్లీ నుంచి వచ్చి ఎవరైనా అడ్డుపడతారా? రెండు వారాలన్నది కనీసం. కనీసాన్ని గరిష్ఠం చేసింది ఎవరు?

ఒకటి గుర్తు చేస్తాను. తెలుగునాట వైద్య విద్యకంటూ ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం ఉండాలని 1986లో మీ సంస్థను విజయవాడలో పెట్టుకున్నాం. దాని పేరు 2022లో ఒకసారి మారింది, 2024లో మళ్ళీ పాత పేరొచ్చింది. రెండుసార్లూ శాసనసభలో బిల్లులు పెట్టారు, పేపర్లు పేజీలు నింపాయి. ఆ పేరు కింద చేరే పిల్లల మొదటి నెల గురించి సభలో ఒక్క పూటైనా మాట్లాడారా? బోర్డు మీద ఎవరి పేరున్నా లోపల పిల్లాడికి నాడి పట్టుకోవడం ఎవరు చెప్పాలి?

ఇప్పుడు మీ దగ్గరికి ఎవరొస్తున్నారో చూడండి. పదో తరగతి కాగానే హాస్టల్లో పడేసిన పిల్లలు. చీకటితో లేపుతారు, రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్లు. ఆదివారం టెస్టు. ఔటింగ్ అంటే అమ్మానాన్నలు క్యారేజీ తెచ్చి గేటు దగ్గర చెట్టుకింద తినిపించి వెళ్ళడం. మొదటిసారి సీటు రాకపోతే లాంగ్ టర్మ్, అదీ కాకపోతే ఇంకో లాంగ్ టర్మ్. ఈ పంటకు మా విజయవాడ చుట్టుపక్కలే నారుమడి, ఇందులో దాపరికం ఏముంది? 180 ప్రశ్నలు, 720 మార్కులు, నాలుగు ఆప్షన్లలో ఒకటి. సిలబస్‌లో లేనిది ప్రపంచంలో లేదు. ఇప్పుడు ఇంటర్ ప్రాక్టికల్స్‌లో కప్పను కోయడం కూడా లేదు. కప్పనైనా కోయని చేతులు నేరుగా మనిషి శవం దగ్గరికి వస్తున్నాయి. (కప్పల మీద నాకూ జాలి ఉంది, అది వేరే సంగతి.)

అలాంటి పిల్లలకు, పరీక్షలో రానిది కూడా చదువేనని చెప్పడానికి ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క నెల అది. దాన్నే మీరు "పరీక్ష లేదులెండి" అని తీసేస్తే, కార్పొరేట్ కాలేజీ అంటించిన జబ్బును మెడికల్ కాలేజీ నయం చేస్తోందా, ముదరబెడుతోందా?

సీటు వచ్చాక ఇంట్లో జరిగే సన్నాహం ఎలా ఉంటుందో కూడా చెబుతాను. తెల్ల ఏప్రన్లు కుట్టిస్తారు. డిసెక్షన్ సెట్టు కొంటారు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి చౌరాసియా అనాటమీ వాల్యూములు బేరమాడతారు. బయోకెమిస్ట్రీకి సత్యనారాయణ గారి పుస్తకం. దేశమంతా చదివే ఆ పుస్తకం రాసింది మన సిద్ధార్థ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆచార్యుడేనని ఆ షాపువాడికి కూడా తెలుసు. ఈలోగా ఫోన్లో ప్రకటనలు మొదలవుతాయి: మొదటి ఏడాది నుంచే పీజీ ఎంట్రన్సుకు వీడియో పాఠాలు, ఇప్పుడే కడితే డిస్కౌంటు. క్లాసులో ఇంకా కూర్చోని పిల్లకు పీజీ కోచింగు! తల్లిదండ్రులు కడుతున్నారు కూడా. ఎందుకు కట్టరు? ఈ నెల రోజులు ఏం చేయాలో, ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో చెప్పాల్సినవాళ్ళు ఒక్క ముక్క చెప్పకపోతే, అమ్ముకునేవాడు చెప్పిందే వింటారు. మీరు పంపే కాగితంలో ఏముంటుంది? ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఇన్ని జిరాక్సులు, ఇన్ని ఫొటోలు, ఫలానా పేరు మీద డీడీ, బాండు. తల్లిదండ్రులతో పెట్టాల్సిన ఆ సమావేశం సంగతి అందులో ఉంటుందా?

బోన్ సెట్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మా వీధి అమ్మాయి సీనియర్ దగ్గర సగం అస్థిపంజరం కొనుక్కుంది. బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి చేతులు మారుతూ వచ్చిన ఎముకలు. హాస్టల్లో మంచం కింద అట్టపెట్టెలో, చెప్పుల పక్కన పెట్టుకుంది. సంక్రాంతికి ఇంటికొస్తూ చదువుకోవడానికని ఆ పెట్టె కూడా తెచ్చింది. వాళ్ళమ్మ గడప దాటనివ్వలేదు. మేడమెట్ల కింద పెట్టించి, కూతురిని స్నానం చేసి లోపలికి రమ్మంది. మర్నాడు ఆ పిల్ల నాకు తొడ ఎముక తెచ్చి చూపించింది. కండరం మొదలయ్యేచోట ఎర్ర స్కెచ్ గీత, వచ్చి అతుక్కునేచోట నీలం గీత. గీసిందెవరో ఆమెకు తెలీదు, ఎన్ని బ్యాచ్‌ల కిందటో. గీతలన్నీ గడగడా అప్పజెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు. "ఇది ఎవరిదమ్మా?" అని అడిగాను. "సీనియర్ది సార్, తిరిగి అమ్మేయొచ్చు" అంది.

ఆ పిల్లలో కాఠిన్యం లేదు. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు, అంతే. శవమే మన తొలి గురువన్న పాఠం మీ సొంత పాఠ్యప్రణాళికలోనే ఉంది. డాక్టరంటే ఎవరు, రోగి అంటే ఎవరు అన్న పాఠాలూ ఉన్నాయి. డిసెక్షన్ హాల్లో అడుగుపెట్టే ముందు పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించే కాలేజీలూ ఉన్నాయి. ఆ ఉపాధ్యాయులకు చేతులెత్తి దండం పెడతాను. ఆ ప్రతిజ్ఞ అయిపోయాక చేరిన పిల్లలకు మళ్ళీ చేయించడానికి ఎంత ఖర్చవుతుంది? ఫార్మాలిన్ ఘాటుకు కళ్ళు మండుతూ మొదటిరోజు గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లను "ఏమ్మా, బయటికెళ్ళి కాసేపు కూర్చుని వస్తావా?" అని అడగడానికి ఏ జీవో కావాలి?

ఇక భాష. మా రింగు సెంటర్ నుంచి మైలవరం మీదుగా తిరువూరు పోయే రోడ్డులో ఎ.కొండూరు మండలం వస్తుంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నేళ్ళుగా మనుషుల్ని తింటోందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. అక్కణ్ణుంచి వచ్చిన ముసలమ్మ డాక్టరు ముందు కూర్చుని "కడుపులో దేవుతోంది నాయనా, కాళ్ళు నీరు పట్టినయ్, అన్నం సయించట్లేదు" అంటే, ఆలిండియా కోటాలో రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాడికి అర్థం కాకపోవచ్చు. నా బాధ అతని గురించి మాత్రమే కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి హాస్టళ్ళలో పెరిగిన మన పిల్లల్లో ఎందరికి అర్థమవుతుంది? మరోవైపు, తెలుగు మీడియంలో చదివి కష్టపడి సీటు తెచ్చుకున్న పిల్లకు ఇంగ్లీషు లెక్చరు సగం అందదు, అడగడానికి సిగ్గు. ఇద్దరికోసమే కదా ఆ 40 గంటలు పెట్టింది? మధ్యప్రదేశ్‌లో 2022లో హిందీలో ఎంబీబీఎస్ పుస్తకాలు విడుదల చేశారు. అంత దూరం పొమ్మని నేనడగడం లేదు. రోగి చెప్పింది డాక్టరుకు, డాక్టరు చెప్పింది రోగికి తెలిస్తే చాలు. తెలియకపోతే అవసరం లేని పరీక్షలు రాస్తారు, అవసరమైన ప్రశ్న అడగరు. ఆ బిల్లు కట్టేది మేము. ఆ ప్రాణం మాది.

ఇక ప్రథమ చికిత్స. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. నడుంలోతు నీళ్ళలో జనం ఉన్నప్పుడు, ప్రథమ చికిత్స తెలిసిన ప్రతి చెయ్యీ అవసరమైంది. ఆ 35 గంటల విలువ అలాంటి రోజున తెలుస్తుంది. ప్రశ్నపత్రంలో కనపడదు.

కొత్త కాలేజీల సంగతి వేరే చెప్పాలి. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఒక్కోటి 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మా డెల్టాకు, బందరుకు మెడికల్ కాలేజీ వచ్చిందంటే నేనూ సంతోషించాను. అదే ఏడాది జీవోలు 107, 108 వచ్చి, ఆ కాలేజీల్లో ఏడాదికి 15 వేలు కట్టే పిల్ల, 12 లక్షలు కట్టే పిల్ల, 20 లక్షలు కట్టే ఎన్నారై కోటా పిల్ల ఒకే బెంచీ మీద కూర్చునే ఏర్పాటు చేశాయి. ప్రభుత్వ కాలేజీలో మూడు ధరలేమిటన్నది పెద్ద పోట్లాట, దానికి ఇది చోటు కాదు. కానీ కూర్చోబెట్టిన తర్వాత ఆ ముగ్గురినీ ఒక్క తరగతిగా చేసే పని ఎవరిది? క్యాంటీన్‌లో, హాస్టల్లో, సీనియర్ల నోట్లో ఎవరెంత కట్టారో మొదటి వారంలోనే తెలిసిపోతుంది. కలిసి ఆడి, కలిసి ఒక ఊరికి వెళ్ళి, కలిసి ఒక బొమ్మ గుండె మీద చేతులు పెట్టి నొక్కిన పిల్లలకు ఆ తేడా కాస్తయినా తగ్గుతుంది. ఆ అవకాశాన్ని ఆడిటోరియంలో పవర్‌పాయింట్ వేసి, హాజరు తీసుకుని, టీ బిస్కట్లతో ముగిస్తున్నారు.

ర్యాగింగ్ గురించి ఎక్కువ చెప్పను. 1997 నుంచి మనకు చట్టం ఉంది, వైద్య కమిషన్ నిబంధనలు 2021లో వచ్చాయి, 1800-180-5522 అనే ఫోన్ నంబరుంది. ఏటా పిల్లలతో, తల్లిదండ్రులతో అఫిడవిట్లు రాయిస్తారు. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఒక ఆడపిల్ల ప్రాణం తీసుకుంటే గుంటూరు, కృష్ణా జిల్లాలు రెండూ ఏడ్చాయి. అఫిడవిట్ ఆపలేనిదాన్ని ఆపేది పెద్దవాళ్ళ మీద పిల్లకు ఉండే నమ్మకం. హాస్టల్లో రాత్రి ఏదైనా జరిగితే పొద్దున్నే ఏ మాస్టారి గది తలుపు కొట్టాలో ఆ పిల్లకు మొదటి వారంలోనే తెలియాలి. వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. వందలో ఇరవై ఎనిమిది మంది. మీ 150 మంది బ్యాచ్‌కు ఈ లెక్క మీరే వేసుకోండి. ఆ నివేదిక మీ బల్ల మీదికి వచ్చిందా? వచ్చాక ఏం చేశారు?

పైగా మొదటి ఏడాది గట్టెక్కడానికి నాలుగు అవకాశాలే ఇచ్చారు. నాలుగోసారీ తప్పితే ఎంబీబీఎస్‌కు దణ్ణం పెట్టి ఇంటికి పోవాల్సిందే. ఇంత కఠినమైన నిబంధన పెట్టినప్పుడు, ఆలస్యంగా చేరిన పిల్ల మొదటినుంచీ ఉన్నవాళ్ళతో సమానంగా బయల్దేరేట్టు చూసే బాధ్యత మీకు లేదా? కౌన్సెలింగ్ రౌండ్లు క్లాసులు మొదలయ్యాక కూడా సాగడంలో ఆ పిల్ల తప్పేముంది?

అధ్యాపకులు చాలడం లేదు, పరిశీలనకు వచ్చే బృందాలకు కాగితాలు చూపించడానికే టైము చాలడం లేదు అంటారు. నేనూ గవర్నమెంటు కాలేజీలోనే పనిచేశాను, ఆ కష్టం తెలుసు. అయితే ఫౌండేషన్ కోర్సులో చాలా భాగానికి ప్రొఫెసర్లు అక్కర్లేదు. రోగుల మాట నేర్పడానికి మీ ఓపీలో చీటీలు రాసే నర్సమ్మ చాలు. ఊళ్ళో ఇల్లిల్లూ తిప్పడానికి ఆశా కార్యకర్త చాలు. తెలుగు చెప్పడానికి నాలాంటి రిటైరైన మేష్టర్లు ప్రతి ఊళ్ళో ఉన్నారు. పిలిస్తే బస్సు చార్జీలు కూడా అడక్కుండా వస్తాం.

అందుకని ఉపకులపతి గారూ, కొత్త బ్యాచ్ చేరేలోగా ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఏ రౌండులో చేరిన పిల్లకైనా ఫౌండేషన్ కోర్సు మొత్తం అందాలని, చివరి రౌండు ముగిశాక దాన్ని రెండోసారి నడపాలని రాయండి. ఏ రోజు ఏం జరుగుతుందో కాలేజీ వెబ్‌సైట్లో తెలుగులో పెట్టించండి, తల్లిదండ్రుల సమావేశం తేదీతో సహా. తనిఖీకి వెళ్ళినప్పుడు బెంచీలు, బెడ్లు లెక్కపెట్టడంతో ఆగకండి. ఏ మొదటి ఏడాది పిల్లనైనా పక్కకు పిలిచి, "మీ డిసెక్షన్ బల్ల మీద ఉన్నవాళ్ళ గురించి మీకు ఎవరైనా ఏమైనా చెప్పారా?" అని అడగండి. ప్రిన్సిపాళ్ళూ, సర్క్యులర్ వచ్చేదాకా ఆగాల్సిన పని మీకూ లేదు. 2019 నిబంధన మీ దగ్గరే ఉంది.

మా వీధి లారీ డ్రైవరు రెండో కూతురు ఈ ఏడాది నీట్ రాస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు,
ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా.